రాఖీ కట్టించుకున్న ఆసిలోస్కోప్

మహబూబ్‌నగర్ జిల్లాలో మొట్టమొదటి ఆసిలోస్కోప్ నాదే.

ఈ మాట చాలామందితో అన్నాను. ఎవరూ కాదనలేదు. విన్నవాళ్ళలో సగం మందికి అదేమిటో తెలియదు, తెలిసినవాళ్ళు మర్యాదస్తులు. నిజానికి ఊళ్ళోని కాలేజీల్లో అవి బల్లల మీద వరసగా ఉంటాయి. అందుకని మా వాడలో మొదటిది అని దిద్దుకుంటున్నాను. మా వాడలో ఎవరి అటక మీదైనా ఇంకొకటి ఉందేమో, ఎక్కి చూడలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కరెంటు కంటికి కనబడదు. బల్బు వెలిగితే ఉందనుకుంటాం, చెయ్యి తగిలి జిల్లుమంటే బాగానే ఉందనుకుంటాం. అది తీగలో సాఫీగా పోతున్నదా, ఎగిరెగిరి పడుతున్నదా అన్నది గీత గీసి చూపించే పెట్టె ఆసిలోస్కోప్. పాతకాలపు చిన్న టీవీ అంత ఉంటుంది. ముందువైపు అరచేయంత తెర, దాని పక్కన తిప్పడానికి బోలెడు నాబులు. పెట్టె నుంచి ఒక తీగ వస్తుంది, దాని చివర పెన్ను మొనలాంటిది ఉంటుంది. దాన్ని ప్రోబ్ అంటారు. దాన్ని దేనికి తాకిస్తే అక్కడి కరెంటు నడక తెర మీద కనబడుతుంది.

నేను బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి దిగిపోయినవాణ్ణి. పగలంతా బస్సుల లైట్లు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు. సాయంత్రం ఇంటికొచ్చి రేడియోలు విప్పడం, బిగించడం. రెండు తీగలు కట్టిన బల్బు ఒకటి చేతిలో ఉంటే చాలు, ఆగిపోయిన ఏ బస్సునైనా కదిలించేవాణ్ణని చెప్పుకుంటాను. చాలా బస్సులు డ్రైవర్లు తోస్తే కదిలేవి, నేను పక్కన నిలబడేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదుకు శిక్షణకు పంపారు. అక్కడ గది మూలలో ఈ పెట్టె ఉంది. మమ్మల్ని గీత అవతల నిలబెట్టి, దూరం నుంచి చూడండి, ముట్టుకోకండి అన్నాడు చెప్పేవాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ వెలుగు అలలు అలలుగా పోతున్నది. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు. ఆ ముట్టుకోకండి అన్న మాట ఉద్యోగమంతా నా చేతివేళ్ళలో ఉండిపోయింది.

తెలంగాణ వచ్చింది, కొన్నాళ్ళకు నా రిటైర్మెంటు కూడా వచ్చింది. ఒక ఆదివారం హైదరాబాదులో పాత సామాన్లమ్మే గుజిరీలో, పాత ఫ్యాన్లూ కుర్చీ కాళ్ళూ కుప్పలు పోసిన చోట, ఆ పెట్టె నా వైపు చూస్తూ కూర్చుంది. అమ్మేవాడు పక్క పాన్‌డబ్బాలోంచి తీగ లాగి పెట్టాడు. ఏవో రెండు నాబులు అటూ ఇటూ తిప్పాడు. తెర మీద గీత వెలిగింది. బేరమాడడం మర్చిపోయాను. గుజిరీలో బేరమాడని మనిషిని ఎన్నడూ చూడలేదేమో, అమ్మినవాడే కంగారుపడి ఒక ప్రోబ్ ఊరికే ఇచ్చాడు.

రైలులో దానికి కిటికీ పక్క సీటు ఇచ్చి నేను నిలబడి వచ్చాను. అదేమిటని అడిగిన పెద్దమనిషితో, ఉపగ్రహాల మాటలు వినే మిషన్ అని, పైవాళ్ళు నన్ను నమ్మి ఇచ్చారని చెప్పాను. షాద్‌నగర్ దాకా నిలబడ్డ మాట నిజమే. తరవాత దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఆ పెద్దమనిషి దిగేటప్పుడు, ఉపగ్రహాలు మా ఊరి వానల గురించి ఏమన్నా అనుకుంటే చెప్పమని నవ్వుతూ పోయాడు.

ఇంట్లో దాన్ని మా ఆవిడ కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాను. బొమ్మ రాని టీవీ తెచ్చిండు అని ఆమె గిన్నెలకు చెప్పింది. కోపమొస్తే నాతో మాట్లాడదు, గిన్నెలతో మాట్లాడుతుంది.

ఇక మొదలుపెట్టాను. స్విచ్చి వేస్తే చిన్న ఎర్రదీపం వెలిగింది. తెర మాత్రం అమావాస్య. ఒక నాబు తిప్పాను, ఇంకొకటి తిప్పాను. గుజిరీలో వెలిగిన గీత మా పాలమూరు నీళ్ళు పడనట్టు ముడుచుకొని కూర్చుంది. పెట్టె వెనక తట్టాను. డిపోలో మొదటి వైద్యం అదే. మా ఆవిడ రెండు పూటలు చూసి, వెళ్ళి అడగండి అన్నది. ఎవరిని? ఆ పెట్టె గురించి మా వాడలో అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ణి నేనే, నాకే ఏమీ తెలియదు.

చివరికి కూర్చొని ఒక్కొక్క నాబు దేనికో తాపీగా ఆలోచించాను. ఒకటి వెలుగు పెంచేది. దాన్ని నేనే రైల్లో ఒళ్ళో పెట్టుకొని, మోచేయి తగిలించి పూర్తిగా తగ్గించాను. ఇంకొకటి గీతను పైకీ కిందికీ జరిపేది. గీత తెర దాటి కిందికి పోయి అక్కడెక్కడో చీకట్లో నడుస్తూనే ఉంది. మూడోది, ఏదైనా కరెంటు తగిలేదాకా గీత గీయకుండా ఆగమని చెప్పే స్విచ్చి. దేనికీ తాకించకుండా గీత రాలేదని ఏడుస్తున్నాను. మూడూ సరిచేసేసరికి తెర అడుగు నుంచి గీత మెల్లగా లేచి వచ్చి నడుమ నిలబడింది. దాన్ని చూసి గంతులేశానని రాయాలనుంది. గంతులేసే మోకాళ్ళు కావు నావి. చాయ్ అడిగాను, అంతే. కానీ ఆ చాయ్ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. పొద్దున లేస్తూనే దాని దగ్గరికి పోయేవాణ్ణి. పెట్టె వేడెక్కితే పాత సామాను వాసన వచ్చేది, దుమ్ము కాలిన వాసన. రేడియోకు తాకిస్తే పాట తెర మీద గడ్డిలా ఊగేది. మాటలు వచ్చేటప్పుడు పొదల్లా, వీణ వచ్చేటప్పుడు సన్నటి వరి ఆకుల్లా. ఇన్నేళ్ళు చెవితో విన్న రేడియోను మొదటిసారి కళ్ళతో చూశాను.

ఒకరోజు ప్రోబ్ మొన పొరపాటున నా వేలికి తగిలింది. తెర మీద పెద్ద అల లేచింది. వేలు తీస్తే పోయింది, పెడితే వచ్చింది. సంగతి తెలుసు. ఇంటి గోడల్లో కరెంటు తీగలుంటాయి కదా, వాటి గాలి మన ఒంటికి సోకుతుంది, దేహం దాన్ని పట్టి ప్రోబుకు అందిస్తుంది. అది ఇంటి కరెంటు అలే తప్ప మనిషిది కాదు. ఇది తెలిసీ, మజ్జిగ కోసం వచ్చిన పక్కింటామెతో, ఇది నా నాడి అన్నాను.

ఆమె నోరు తెరిచింది. తన వేలు కూడా పెట్టింది. అల లేచింది. మర్నాటికి వాడంతా మా గుమ్మం ముందు వరస కట్టింది. వాడంతా అంటే, పాలాయన, పక్కింటామె తోటికోడలు. ఇద్దరే. వరస అనడానికి ఇద్దరు సరిపోతారు. మా దగ్గర ముంజేయి పట్టుకొని నాడి చూసేవాళ్ళ మీద ఇంకా నమ్మకం ఉంది. నేను కళ్ళద్దాలు పైకి నెట్టి, వాతం జర ఎక్కువున్నది, పిత్తం ఫికర్ లేదు అని చెప్పేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. ఆటగానే ఉంది.

ఆ శ్రావణంలో రాఖీ కట్టడానికి మా అక్క వచ్చింది.

అక్క నాకంటే పెద్దది. హుజూర్‌నగర్ దగ్గర కాలువ కింది ఊరికి ఇచ్చారు. కొడుకు, కోడలు, కొంచెం పొలం, కొట్టం నిండా మేకలు. బావ పోయి చాలా ఏళ్ళయింది. కడుపునొప్పి అని తన కాళ్ళతో నడిచి దవాఖానకు పోయాడు, తిరిగి నడిచి రాలేదు. అప్పటినుంచి అక్క దవాఖాన ఉన్న వీధిలోంచి కూడా పోదు. ఈసారి మా ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకొని ఆగింది. కండ్లకు చీకట్లు వస్తున్నాయట. మా ఆవిడ నాతో అన్నది, వదినె మొఖం తెల్లగున్నది, చూపిద్దామని. నేను, బస్సు ప్రయాణం చేసింది కదా అన్నాను.

రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టి, అక్క నా పెట్టె ముందు కూర్చుంది.

"ఏందిరా తమ్మీ గిది?"

"నాడి చూసే మిషన్ అక్కా. వేలు పెట్టు."

పెట్టింది. అల నిండుగా లేచి తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలబడింది. అక్క కళ్ళల్లో ఆ ఆకుపచ్చ వెలుగు కనబడింది.

"ఎట్లున్నది?"

"జోడెడ్ల బండి లెక్క పోతాంది. నూరేండ్లు ఢోకా లేదు."

అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చాలాసేపు ఆ అలను చూసి, సంచిలోంచి ఇంకో రాఖీ తీసింది. నా పెట్టెకు పైన మోసే పిడి ఉంటుంది, దానికి కట్టింది. నా ఒంట్ల ఉన్నది చూసింది, ఇది గూడ నాకు తమ్ముడే అన్నది. దాని ముందు కూడా ఒక మిఠాయి ముక్క పెట్టింది. దాన్ని తరవాత నేను తిన్నాను. ఆ నవ్వని ముఖం దగ్గర నేను ఆగి ఉండాల్సింది. మిఠాయి దగ్గర ఆగాను.

వానలు ముదిరాక మేనల్లుడు ఫోన్ చేశాడు. అమ్మ బోరింగు కాడ పడ్డదని, కాసేపు ఉలుకూ పలుకూ లేదని, లేచాక ఏం కాలేదంటున్నదని చెప్పాడు. ఆటో పిలిస్తే ఎక్కడం లేదట.

"నీ పేరే చెప్తాంది మామా. మిషన్ల చూసి ఢోకా లేదన్నవట. నువ్వే అన్నంక మా మాట ఇంటదా?"

అప్పుడు నా ఒంట్లో ఏ అల లేచిందో ఏ పెట్టెకూ అందదు. ఫోన్ అక్కకిమ్మన్నాను. అది నాడి కాదని, ఆటకు చెప్పానని, ఆటో ఎక్కమని చెప్పాను. ఆమె తొణకలేదు.

"నువ్వు చిన్నప్పటి సంది గంతే. ముందుగాల ఒకటి చెప్తవ్, ఎవలన్న తిట్టినంక మల్ల మార్చి చెప్తవ్. నీ పెండ్లాం తిట్టిందా?"

నిజంగానే తిట్టింది. గిన్నెలకు కాదు, నాకే. కానీ ఆ సంగతి ఇప్పుడు అక్కకు చెబితే నా మాట ఇంకా పలచనవుతుంది. జీవితమంతా పెంచి చెప్పి, తరవాత దించి చెప్పి, రెండూ ఒకే ధరకు అమ్మినవాణ్ణి. దించి చెప్పిన మాట కావలసిన రోజున కొనేవాళ్ళు లేరు. మిషనే చెప్పాలె, నువ్వు కాదు అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుతూనే పెట్టెను దుప్పట్లో చుట్టి బస్సెక్కాను. నల్లగొండలో బస్సు మారాలి. బస్టాండులో దాన్ని భుజాన వేసుకొని పరుగెత్తుతుంటే, దుప్పట్లోంచి రాఖీ తోక బయటికి వేలాడుతున్నది. ఈసారి అదేమిటని అడిగినవాళ్ళకు పాత మిషన్ అన్నాను. అంతకంటే ఒక్క ముక్క పెంచలేదు. నా ఎరుకలో అట్లాంటి ప్రయాణం అదొక్కటే.

అక్క వసారాలో మంచం మీద కూర్చొని ఉంది. మోచేతికి పసుపు ముద్ద. పెట్టెను చూడగానే చుట్టాన్ని చూసినట్టు ముఖం విప్పారింది. స్టూలు మీద పెట్టి, లోపలి గది నుంచి తీగ లాగాను. గీత వచ్చింది. ఆమె వేలు పెట్టింది, అల వచ్చింది. చూసినవా అన్నట్టు కొడుకు వైపు చూసింది.

నేను చెక్కపీట మీది నీళ్ళ బిందెకు ప్రోబ్ తాకించాను. అల వచ్చింది. కొంచెం పొట్టిది, కానీ అదే నడక.

"బిందెకు నాడి ఉంటదా అక్కా?"

అక్క ఆలోచించింది. "నీళ్ళల్ల గంగమ్మ ఉంటది గదా," అన్నది.

బిందె ఖాళీ చేయించాను. అల పోలేదు. గంగమ్మ యాడికి పోతదిరా, తడి ఉన్నది కద అన్నది. కోడలు కోసి తెచ్చిన బీరకాయను చేతిలో పట్టుకొని దానికి గుచ్చాను. అల వచ్చింది. పచ్చికాయ, దానికి పానం ఉండదా అన్నది. మేకపిల్ల చెవికి పెట్టబోతే అది ప్రోబును నోట్లో పెట్టుకుంది. వచ్చిన అలను చూసి అక్క, దీనిది మంచిగున్నది, దసరా దాకా ఢోకా లేదు అన్నది. మేనల్లుడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు నవ్వు రాలేదు. నేను పాలమూరులో వేసిన ముడి ఇక్కడ నాకే ఊడడం లేదు. ఆమె ముఖం మధ్యమధ్య పాలిపోతున్నది, మంచం పట్టెను వదలడం లేదు.

బయట గాలి లేచింది. చింతకొమ్మలు ఊగుతున్నాయి. అక్క మళ్ళీ వేలు పెట్టి, ఇదొక్కటి సూసుకుంటె నాకు పానం నిమ్మళమైతది అంటూ అలను చూస్తున్నది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఠప్పుమన్నది. కరెంటు పోయింది.

తెర మీద అల చటుక్కున ముడుచుకొని ఒక్క చుక్కయింది. చుక్క ఆరిపోయింది.

అక్క వేలు తీయలేదు. నల్లటి తెరలో ఆమె ముఖమే కనబడుతున్నది. ఒక్కసారి వేలును గట్టిగా నొక్కింది. తెర వైపు చూసింది, తన చెయ్యి వైపు చూసింది. తరవాత నెమ్మదిగా ప్రోబును నా చేతికిచ్చి, రెండు వేళ్ళతో తన ముంజేతిని తనే పట్టుకుంది.

"అది సచ్చింది. నేనైతె సావలేదు."

వేళ్ళు తీయకుండానే నా వైపు తిరిగింది.

"అంటె గది కరెంటుదారా?"

"కరెంటుదే అక్కా."

ముంజేతి మీద వేళ్ళు అట్లాగే ఉంచి చాలాసేపు వెతికింది. ఆమె పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలి, మధ్యలో ఆగి, మళ్ళీ కదిలాయి.

"అయితె నా నాడి ఇప్పటిదాంక ఎవ్వలు చూడలేదన్నట్టు," అన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆగి ఆగి కొడతాంది తమ్మీ. ఆటో పిలువుమను."

దవాఖానలో ఆమె చెయ్యి వదలకుండా నేనూ లోపలికి పోయాను. మిషన్లు తెలిసినవాణ్ణని నర్సుతో చెప్పాను, ఆమె నన్ను మూలకు నిలబెట్టింది. అక్క ఛాతీకి, కాళ్ళకు, చేతులకు తీగలు పెట్టి కాగితం మీద గీత తీశారు. డాక్టరును అక్క అడిగిన మొదటి మాట, కరెంటు పోతే ఈ గీత ఉంటదా పోతదా అని. ఆ డాక్టరు ఓపికగలవాడు. మిషన్ ఆగొచ్చు, మీ గుండె గీత మాత్రం మీదే అన్నాడు. నేను మూలలోంచి తొంగిచూశాను. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, ఆ తరవాత ఉండాల్సిన దెబ్బ లేదు. ఖాళీ. మళ్ళీ ఒకటి. నేను ఇన్నేళ్ళు ఎన్నో గీతలు చూశాను, గీత లేని చోటును చూసి భయపడ్డది అప్పుడే.

హైదరాబాదు పంపారు. అక్క కాలర్ ఎముక కింద, చర్మం లోపల, గుండెకు దెబ్బ గుర్తుచేసే చిన్న పెట్టె పెట్టారు. ఆపరేషను గది బయట నేను అన్నం నీళ్ళు ముట్టకుండా కూర్చున్నాను. ఇడ్లీ తిన్నాను, కానీ రుచి తెలియలేదు. ఆమెను బయటికి తెచ్చినప్పుడు నన్ను చూసి, నీళ్ళడగకుండా, దీనికి తీగ లేదురా, నీ మిషన్ కంటె నయం అన్నది.

దవాఖాన నుంచి అక్క తన కాళ్ళతో నడిచి బయటికి వచ్చింది. గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. బావను తలుచుకుందని నాకు తెలుసు.

మరుసటి రాఖీకి మా మెట్లు ఆగకుండా ఎక్కింది. నాకు కట్టి, మళ్ళీ పెట్టె దగ్గరికి పోయి పిడికి కొత్తది కట్టింది. నేనన్నాను, అక్కా, అది నీ నాడి చూడలేదు గదా, ఇంకెందుకు అని.

"అది అబద్ధం చెప్పలేదురా. ఉన్నదే చూపెట్టింది. చెప్పింది నువ్వు."

ఇప్పుడు నా దగ్గర అరచేతిలో పట్టే కొత్త ఆసిలోస్కోప్ ఉంది. రంగురంగుల గీతలు గీస్తుంది, లెక్కలు కూడా తానే చెబుతుంది. నాకు చెప్పడానికి ఏమీ మిగల్చదు. పాతదాని తెర పలచబడింది. పగలు గీత కనబడదు, తలుపులు మూసి, తెర మీద చేతులు అడ్డం పెట్టి చూడాలి. చూస్తే ఉంటుంది. పిడి నిండా రాఖీలు, అడుగున ఉన్నవి రంగు వెలిసి దారాలే మిగిలాయి. మా ఆవిడ పాతవి తీసేద్దామంటుంది, నేను వద్దంటాను.

మొన్నటి రాఖీకి అక్క దాని ముందు కూర్చొని, పెట్టుమంటవా అని వేలు చూపించింది. వద్దన్నాను. అయినా పెట్టింది. పలచటి అల లేచింది.

"బిందెదే గదా?" అన్నది.

"బిందెదే," అన్నాను.

మిఠాయి ముక్క ఒకటి దాని ముందు పెట్టింది. నా చెయ్యి అటు పోబోతే, వేళ్ళ మీద ఒక్కటేసింది. ఆ దెబ్బ ఇంకా చురుక్కుమంటున్నది. లేదు, చురుక్కుమనలేదు. మెల్లగానే కొట్టింది.